వస్తువు అరిగిందని చిన్న ఐకాన్‌లో ఎలా చూపాలి?

చెప్పు, గరిటె, కత్తిపీట లాంటి వాటిని కొత్తది, వాడినది, అరిగినది అని మూడు దశల్లో గీస్తుంటే, చివరిది ఎప్పుడూ పగిలిపోయినట్టే కనిపిస్తోందని మీరన్నారు. నేనూ అక్కడే బోల్తా పడ్డాను.

తిరుపతిలో పెళ్లిళ్లకు వంట సామాను అద్దెకిచ్చే ఒక దుకాణానికి యాప్ చేసిపెట్టాను. పాత్ర తిరిగి రాగానే అది ఎలా ఉందో పనివాళ్లు బొమ్మ నొక్కి నమోదు చేయాలి. పాతవాటన్నింటికీ గుర్తుగా మెరుపులా వంకర పగులు గీశాను. దుకాణం పెద్దాయన ఫోనును దూరంగా పట్టుకుని చూసి, "ఇత్తడి గుండిగ పగులుతుందా నాయనా? సొట్టపడుతుంది" అన్నారు.

తరువాత గోదాములోంచి ఒక పాత గరిటె తెచ్చి చేతిలో పెట్టారు. దాని కొస గుండ్రంగా లేదు, ఎడమ పక్క ఏటవాలుగా కోసేసినట్టుంది. కుడిచేతి వాటం మనిషి కలుపుతుంటే గుండిగ అడుగున రాసుకునేది ఆ పక్కే. నేనైతే రెండు వైపులా సమానంగా అరగదీసి ఉండేవాణ్ణి! కత్తిపీట అలుగు సానపట్టీ పట్టీ సన్నబడింది. తాడు పురి విడి పీచు లేచింది. ఏదీ మరొకదానిలా పాతబడలేదు.

24 పిక్సెళ్ల (తెర మీది చుక్కల) గడిలో గీత మందం 2 పిక్సెళ్లు ఉంటే, అంచులో ఒక్క పిక్సెల్ తగ్గించినా ఎవరికీ తెలియదు. నాలుగైనా తీసేయండి, అబద్ధమనిపించినా సరే. అరగని భాగాన్ని మాత్రం మూడు బొమ్మల్లోనూ వెంట్రుకవాసి కదపకండి. పక్కపక్కన పెట్టినప్పుడు కన్ను తేడానే పట్టుకోవాలి. రంగు మీద ఆధారపడకండి, ఎరుపూ ఆకుపచ్చా ఒకేలా కనిపించేవాళ్లూ ఉంటారు.

నన్ను బాగా ఏడిపించింది కళాయి, అంటే ఇత్తడి గిన్నె లోపల వేసే తగరం పూత. అది పోయినా గిన్నె ఆకారం మారదు కదా. చివరికి లోపలి అంచు వెంట సన్నటి గీత గీసి, రెండో దశలో దాన్ని ముక్కలు చేసి, మూడో దశలో తీసేశాను. కొన్నింటికి తరగడం కాదు, పేరుకోవడం ఉంటుంది: గుండిగ అడుగున మసి, అలిపిరి మెట్ల మీద భక్తులు పెట్టే పసుపు కుంకుమ. అక్కడ గీత తీయకూడదు, మందం పెంచాలి.

ఇక మీ చెప్పు. దాన్ని పైనుంచి గీశారు, చిక్కు అదే. పక్కనుంచి గీసి, మడమ వెనుక మూలను ఏటవాలుగా కోసేయండి.