బొమ్మల మట్టి ఇళ్లు చూడాలంటే...

ప్రశ్న: బుర్కినా ఫాసోలోని టీబెలె ఊళ్లో మట్టి గోడల నిండా వేసిన బొమ్మల్ని ఫోటోల్లో చూసినప్పటి నుంచి అక్కడికి వెళ్లాలని ఒకటే ఆశ. డిసెంబర్‌లో అమ్మను తీసుకుని వెళ్దామనుకుంటున్నా. ట్రావెల్ ఏజెంటేమో ‘ఏం పర్లేదు మేడమ్’ అంటున్నాడు, ఇంట్లోవాళ్లేమో వద్దంటే వద్దంటున్నారు. ఎవరి మాట వినాలి?
– ఓ పాఠకురాలు, మల్కాజిగిరి

జవాబు: ఈసారికి ఇంట్లోవాళ్ల మాటే వినండి. టీబెలె రాజుగారి నివాసాన్ని 2024 జూలైలో మన ఢిల్లీలో జరిగిన సమావేశంలోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది, దాంతో ఏజెంట్లకు కొత్త హుషారు వచ్చినట్టుంది. కానీ ఆ దేశంలో 2022 ఒక్క ఏడాదే రెండుసార్లు సైన్యం తిరగబడింది, సాయుధ ముఠాల దాడులు ఆగలేదు. పెద్దావిడను వెంటబెట్టుకుని చెక్‌పోస్టు చెక్‌పోస్టుకీ టెన్షన్ పడటం దేనికి? అక్కడికి వర్తించే ఇన్సూరెన్స్ పాలసీ చూపించమని మీ ఏజెంటును అడగండి, మాట ఎలా మారుతుందో చూద్దురుగాని.

అలాగని ఆశ వదులుకోకండి. టీబెలె ఉన్నది ఘానా సరిహద్దుకు దగ్గర్లోనే. అక్కడి కసేనా జనం ఘానా వైపు కూడా ఉన్నారు, వాళ్ల పొరుగున ఉండే నాన్‌కాని వాళ్లకీ గోడలకు బొమ్మలు వేసే అలవాటుంది. ఘానాలోని సిరిగులో ఆడవాళ్లు 1997లో సంఘం పెట్టుకుని కుండలు, బుట్టలు, గోడబొమ్మల పని నిలబెట్టుకున్నారు. బస చేయడానికి వాళ్లదే గెస్ట్‌హౌస్ ఉంది, మీరిచ్చే డబ్బు నేరుగా బొమ్మలు వేసే చేతికే అందుతుంది, నాకు నచ్చింది అదే. ఘానా రాజధాని అక్రా నుంచి తమలే దాకా విమానంలో, అక్కణ్నుంచి బొల్గటాంగా మీదుగా రోడ్డు మీద వెళ్లాలి. దగ్గర్లోని నవ్‌రోంగోలో మట్టితో కట్టిన పాత చర్చి కూడా చూడండి. బావ్‌కూ వైపు మాత్రం వెళ్లొద్దు, అక్కడ గొడవలున్నాయి. బయల్దేరే ముందు అక్రాలోని భారత హైకమిషన్ సూచనలు ఒకసారి చూసుకోండి.

ప్రశ్న: ఆ రంగులు దేంతో చేస్తారు? వానకు పోవా?
– డ్రాయింగ్ టీచర్, కూకట్‌పల్లి

జవాబు: పోతాయి, అందుకే మళ్లీ మళ్లీ వేస్తారు. గోడ కట్టడం మగవాళ్ల పని, బొమ్మలు పూర్తిగా ఆడవాళ్లవి. కోతలు అయిపోయి, వానలు ఇంకా మొదలవ్వని రోజుల్లో అంతా కలిసి ఒక ఇంటి మీద పడతారు. ముందు మట్టి, పేడ కలిపి అలికి, దాని మీద ఎర్రమట్టి, తెల్ల సుద్ద, నల్లరాతి పొడి పూసి, గులకరాయి పట్టుకుని నున్నగా మెరిసేదాకా రుద్దుతారు. చివర్న నెరె అనే చెట్టు కాయల్ని ఉడకబెట్టిన నీళ్లు గోడకు పట్టిస్తారు, వాళ్లకు అదే వార్నిష్. పేడతో అలికి జాజు పూసిన అరుగు మీద ముగ్గేసిన వాళ్లయితే ఆ గోడ ముందు చేతులు కట్టుకుని నిలబడలేరు. బొమ్మల్లో సొరబుర్ర పెంకులు, చేపల వల, పాము, బల్లి, మొసలి కనిపిస్తాయి.

ఇంటి ఆకారం చూసి టీబెలెలో లోపల ఎవరుంటారో చెప్పేయొచ్చు: గుండ్రంగా ఉంటే పెళ్లికాని మగవాళ్లు, నలుచదరంగా ఉంటే కొత్త జంట, ఎనిమిది అంకెలా ఉంటే ముసలివాళ్లు, పిల్లలు. గుమ్మం మోకాళ్ల మీద పాకాల్సినంత పొట్టిగా ఉంటుంది, దూరగానే ఎదురుగా ఇంకో చిన్న గోడ. శత్రువు దూరితే ముందు తల లోపలికి రావాలి, వెలుతురులోంచి చీకట్లోకి వచ్చిన కళ్లు సర్దుకునేలోపు లోపలున్నవాళ్లు వాడి పని పట్టేస్తారు! మీ మోకాళ్లు ఎలా ఉన్నాయో చూసుకుని మరీ దూరండి. ఫోటో మాత్రం ఇంటివాళ్లను అడిగాకే తీయండి, అవి మనుషులు కాపురం ఉంటున్న ఇళ్లు.

ప్రశ్న: ఘానా వెళ్లాలంటే ఎల్లో ఫీవర్ టీకా తప్పదా?
– ఉప్పల్ నుంచి ఓ పాఠకుడు

జవాబు: తప్పదు. నారాయణగూడలోని ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు, ముందే ఫోన్ చేసి ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కుని పాస్‌పోర్టుతో వెళ్లండి. వేయించుకున్న 10 రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది, ఆ తర్వాత జీవితాంతం పనికొస్తుంది. అది లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులోనే పట్టుకుని 6 రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. 60 దాటినవాళ్లు ముందు డాక్టర్‌ను అడిగి తీరాలి, మల్కాజిగిరి అమ్మగారికీ ఇదే మాట. మలేరియా మాత్రల సంగతి కూడా అప్పుడే అడిగేయండి.