నానో సెన్సర్ల కోర్సా, ఎమ్మెస్సీ కెమిస్ట్రీనా?

ప్రశ్న: మాకు హుస్నాబాద్ దగ్గర కోళ్ల ఫారం ఉంది. బిడ్డ బీఎస్సీ మైక్రోబయాలజీ, కెమిస్ట్రీ చివరి సంవత్సరం. ఆహారంలో, నీళ్లలో యాంటీబయాటిక్ అవశేషాలను పట్టే సెన్సర్ల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. ఒక ప్రైవేటు కాలేజీ నానో సెన్సర్ల పీజీ కోర్సుకు రెండున్నర లక్షలు అడుగుతోంది. అందులో చేర్పించాలా, ఎమ్మెస్సీనా, లేక సాఫ్ట్‌వేర్ నేర్పించాలా?

జవాబు: మీ ఉత్తరంలో కోర్సు గురించి ఉన్నది నాలుగు వాక్యాలే. మిగతాదంతా 'ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా చదువుతుంటే సంపాదన ఎప్పుడు, పెళ్లి ఎప్పుడు' అన్న టెన్షనే. ముందు దాని సంగతి చెబుతాను. పీహెచ్‌డీకి ఇంట్లోంచి డబ్బు తీయాల్సిన పని లేదు. నెట్ పరీక్ష రాసి గెలుచుకునే పరిశోధన ఫెలోషిప్, అంటే జేఆర్‌ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 ఇస్తారు. రాకపోయినా మంచి ఎమ్మెస్సీ ఉంటే ల్యాబ్ ఉద్యోగం దొరుకుతుంది. చదువుతూనే పెళ్లి చేసుకున్నవాళ్లు నా దగ్గరికి చాలామంది వచ్చారు. బిడ్డ ఎటూ పోదు, ధైర్యంగా ఉండండి.

ఆ నానో కోర్సుకు మాత్రం డబ్బు కట్టకండి. పాల కేంద్రాల్లో వాడే పరీక్ష స్ట్రిప్‌ను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? పాలలో యాంటీబయాటిక్ మందు లేకుంటే ఎర్ర గీత పడుతుంది, ఉంటే ఆ గీత మాయమవుతుంది. మందును గుర్తుపట్టి అంటుకునేది యాంటీబాడీ అనే ప్రోటీన్, ఎర్ర రంగు ఇచ్చేవి బంగారు నానో కణాలు, అంటే కంటికి కనిపించనంత చిన్న బంగారు రేణువులు. చూడ్డానికి ఇంతే. కానీ ల్యాబ్‌లో శుభ్రమైన నీళ్లతో చక్కగా పనిచేసిన సెన్సర్, అసలు పాలలో ముంచేసరికి కొవ్వు, ప్రోటీన్లు అంటుకుని తప్పుడు రీడింగ్ ఇస్తుంది. అందుకే పరిశోధన పత్రాలు కుప్పలుగా వస్తున్నా మార్కెట్‌కు చేరేవి కొన్నే. పాలలో టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్‌కు అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ కోడెక్స్ పెట్టిన పరిమితి లీటరుకు 100 మైక్రోగ్రాములు. అంటే వెయ్యి లీటర్ల ట్యాంకులో గ్రాములో పదో వంతు. అంత కొంచెం పట్టాలంటే కెమిస్ట్రీ పునాది గట్టిగా ఉండాలి. బ్రోచర్ మీద నానో, ఏఐ అని రాసినంత మాత్రాన ఆ పునాది రాదు.

పైగా స్ట్రిప్ చెప్పేది అనుమానమే. ఖాయం చేయడానికి శాంపిల్‌లోని పదార్థాలను విడదీసి, అణువుల బరువును బట్టి గుర్తుపట్టే ఎల్‌సీ-ఎంఎస్/ఎంఎస్ యంత్రం కావాలి. దాని మీద చేయి తిరిగినవాళ్లకు ఫుడ్ ల్యాబుల్లోనే కాదు, ఫార్మా కంపెనీల్లోనూ పని ఉంటుంది. ఆ కాలేజీకి వెళ్లి ఒక్కటే అడగండి: ఆ యంత్రం మీ దగ్గర ఉందా, బిడ్డ తన చేత్తో శాంపిల్ ఎక్కిస్తుందా?

కాకతీయ యూనివర్సిటీలోనో, వరంగల్ ఎన్‌ఐటీలోనో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చేయనివ్వండి. సెన్సర్లను పీహెచ్‌డీలో చూసుకోవచ్చు. ఇష్టం లేని సాఫ్ట్‌వేర్ గురించి నాకు చెప్పడానికేమీ లేదు.

ఇక మీ మీద నాకు కోపం వచ్చిన చోటు. మందు ఆపాక ఎన్ని రోజులకు కోళ్లను అమ్మాలని బిడ్డ అడిగితే 'నీకెందుకు, నీ చదువు చూసుకో' అన్నానని మీరే రాశారు. తన చదువు అదేనండీ! ఆ గడువును విత్‌డ్రాయల్ పీరియడ్ అంటారు. అది పాటించకపోతే మందు మాంసంలో మిగిలిపోతుంది. నీళ్ల సంగతీ అంతే. పటాన్‌చెరు దగ్గర ఫార్మా వ్యర్థాలను శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు బయటపెట్టారు. మీ బిడ్డ ఫారంలో నిలబడి అంత పెద్ద ప్రశ్న వేస్తే మీరు నోరు మూయించారు.

ఈ ఆదివారం మీరు వాడే మందుల డబ్బాలన్నీ తన ముందు పెట్టండి. ఏ మందు ఏ రోజు వేశారో, ఆ కోళ్లు ఏ రోజు లారీ ఎక్కాయో తననే రాయనివ్వండి.