పాత డ్రైవ్ షాఫ్టు కొనేటప్పుడు బండి పేరు చెబితే చాలదు

మీ బండి 2011 నాటి మారుతి స్విఫ్ట్ డీజిల్ అనీ, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడు ఎడమ చక్రం దగ్గర టకటకమని చప్పుడు వస్తోందనీ, గేర్‌బాక్సు నుంచి చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు మొత్తం మార్చాలని మెకానిక్ చెప్పాడనీ రాశారు. తుక్కు దుకాణానికి వెళ్ళి ‘స్విఫ్ట్ షాఫ్టు’ అని అడిగి తెచ్చుకుంటే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. సరిపోదనే నా అనుభవం. నా దగ్గర ఉన్నది 2010 నాటి స్విఫ్ట్ డీజిల్. బండి నడుస్తూనే ఉంది కదా, ముందే ఊడదీయించడం ఎందుకని ఒట్టి చేతులతో ఏలూరు నుంచి విజయవాడ ఆటోనగర్‌కు వెళ్ళి, బండి పేరు, సంవత్సరం చెప్పి ఒక షాఫ్టు తెచ్చుకున్నాను. చక్రం వైపు కొన హబ్బులోకి (చక్రం బిగించే మధ్య భాగంలోకి) చక్కగా దూరింది కానీ లోపలి కొన గేర్‌బాక్సులోకి పోలేదు. అది పెట్రోలు స్విఫ్ట్‌ది.

తప్పు దుకాణదారుది కాదు, నాది. షాఫ్టు ఒక కొన గేర్‌బాక్సులోనూ, రెండో కొన చక్రపు హబ్బులోనూ కూర్చుంటుంది కనుక ఆ రెండింటికీ కుదరాలి తప్ప, డిక్కీ మీద ఏ పేరు రాసి ఉందన్నది దానికి పట్టదు. స్విఫ్ట్‌లోనే పెట్రోలుకూ డీజిల్‌కూ గేర్‌బాక్సులు వేరు. పోనీ ఇంజను ఒకటైతే చాలనుకుందామా అంటే, ఫియట్ రూపొందించిన ఆ 1.3 లీటర్ల డీజిల్ ఇంజనే టాటా ఇండికా విస్టాలోనూ, ఫియట్ పుంటోలోనూ ఉంది. అయినా కంపెనీ మారితే గేర్‌బాక్సు, హబ్బు, చక్రాల మధ్య వెడల్పు కూడా మారతాయి కాబట్టి వాటి షాఫ్టు మీకు అక్కరకు రాదు. చివరకు నా బండికి అతికింది మారుతిదే అయిన అదే కాలపు డిజైర్ డీజిల్‌ది.

రెండోసారి నేను పాత షాఫ్టును సంచిలో చుట్టుకుని మరీ వెళ్ళాను. మీరూ అదే చేయండి. రెండింటినీ పక్కపక్కన నేల మీద పెట్టి చూసేటప్పుడు మొత్తం పొడవును బట్టి నిర్ణయానికి రావద్దు, ఎందుకంటే షాఫ్టు రెండు కొనల దగ్గరా వంగే జాయింట్లు ఉంటాయి, వాటిలో గేర్‌బాక్సు వైపున ఉండే లోపలి జాయింటు కాస్త ముందుకూ వెనక్కూ జరుగుతుంది. లాగి పట్టుకుంటే పొట్టి షాఫ్టు కూడా పొడుగ్గానే కనిపిస్తుంది. రెండింటి జాయింట్లనూ పూర్తిగా లోపలికి నొక్కి కొలవండి, లేదా జాయింట్లను కప్పే రెండు రబ్బరు బూట్ల (తొడుగుల) మధ్య కనిపించే కడ్డీని కొలవండి. ఆ తరువాత రెండు కొనల్లోనూ పళ్ళు లెక్కపెట్టండి. సుద్దముక్కతో ఒక పంటి మీద గుర్తు పెట్టుకుని మొదలుపెడితే లెక్క తప్పదు. గేరు ఆయిలు బయటకు కారకుండా ఆపే ఆయిల్ సీలు కూర్చునే నున్నటి భాగపు మందాన్ని వెర్నియర్ అనే కొలత పరికరంతో చూడండి. మీ బండికి ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉంటే పాత షాఫ్టు బయటి జాయింటు చుట్టూ పళ్ళ రింగు ఉందేమో గమనించండి. ఉంటే కొత్తగా కొనేదానికీ అన్నే పళ్ళ రింగు ఉండాలి, లేకపోతే డాష్‌బోర్డులో ఏబీఎస్ దీపం వెలుగుతూనే ఉంటుంది. ఇక ఎడమ, కుడి అన్నవి డ్రైవరు సీట్లో కూర్చుని చూసే వైపులు. బానెట్టు ముందు నిలబడి చెబితే తారుమారవుతాయి.

సరిపోయేది దొరికాక అది మంచిదా కాదా అన్నది వేరే పరీక్ష. బూటు చిరిగినంత మాత్రాన షాఫ్టును వదిలేయనక్కరలేదు, బూటు ఎలాగూ మార్చాల్సిందే. నేను దుకాణదారుణ్ణి అడిగి బయటి బూటు కోయించి గ్రీజును రెండు వేళ్ళ మధ్య నలిపి చూశాను. నల్లగా, మెత్తగా ఉంటే ఫరవాలేదు, గరగరలాడినా తుప్పు రంగు కనిపించినా ఆ జాయింటు పని అయిపోయినట్టే. తరువాత జాయింటును పూర్తిగా వంచి చుట్టూ తిప్పండి. ఎక్కడా పట్టుకోకూడదు, కడ్డీని మెలితిప్పితే టక్కున వదులు తెలియకూడదు. సీలు కూర్చునే చోట గోటితో గీసి చూస్తే గాడి తగిలిందంటే, కొత్త సీలు వేసినా అక్కడి నుంచి గేరు ఆయిలు కారుతూనే ఉంటుంది. నట్టు ఎక్కే మరలు సుత్తి దెబ్బలకు నలిగి ఉంటే దాన్ని అక్కడే వదిలేయండి. కొన్నదానికి బిల్లు అడగండి, గేర్‌బాక్సులోకి పోకపోతే వాపసు తీసుకుంటామన్న మాట అందులోనే రాయించుకోండి. మొదటిసారి నాకు అది లేకే డబ్బు పోయింది.

ఊడదీసేటప్పుడు కడ్డీని పట్టుకుని లాగనివ్వకండి, లోపలి జాయింటు విడిపోతుంది. జాయింటు గిన్నె దగ్గరే పట్టె పెట్టి ఎత్తాలి. గేరు ఆయిలు కొంత కారుతుంది కాబట్టి కింద పళ్ళెం పెట్టించి, బిగించాక మట్టం సరిచేయించండి. యాక్సిల్ నట్టు, ఆయిల్ సీలు, లోపలి కొనను గేర్‌బాక్సులో పట్టి ఉంచే లాకు మాత్రం కొత్తవే వేయించండి. షాఫ్టు లేకుండా బండిని చక్రాల మీదకు దింపడం, నెట్టడం వద్దు, హబ్బు బేరింగు దెబ్బతింటుంది. నేను రెండోసారి ఆటోనగర్ వెళ్ళిన పూటంతా మా బండి స్టాండు మీదే ఉంది.

అయితే వీటన్నిటికంటే ముందు ఒక మాట మెకానిక్కును అడగండి. మలుపులో మాత్రమే చప్పుడు వస్తోందంటే సాధారణంగా అరిగేది చక్రం వైపు జాయింటు ఒక్కటే, అది విడిగా బూటు, గ్రీజుతో సహా కొత్తది దొరుకుతుంది. నేరుగా వెళుతూ యాక్సిలరేటరు తొక్కినప్పుడు కూడా బండి వణుకుతోందంటే అనుమానం లోపలి జాయింటు మీదకు వెళ్ళాలి, అప్పుడు షాఫ్టు మొత్తం మార్చడంలో అర్థముంది. మీరు రాసినదాన్ని బట్టి మీది మొదటి రకంలాగే ఉంది.