డ్రైవరా, ఆయానా? అమ్మనే అడగండి

ప్రశ్న: నాన్నగారు పోయి ఏడాది దాటింది. అమ్మకి 76 ఏళ్లు. పద్మారావునగర్‌లో సొంత ఫ్లాట్‌లో ఒక్కతే ఉంటోంది. షుగరుంది, మోకాలి ఆపరేషన్ అయింది, కర్రతో నడుస్తుంది. వంట తనే చేసుకుంటుంది. నేను డాలస్‌లో, తమ్ముడు సిడ్నీలో. నాన్నగారి కారు సెల్లార్‌లో దుమ్ము కొట్టుకుపోతోంది. ఒక ఏజెన్సీ వాళ్లు ఇరవై నాలుగ్గంటల కేర్‌టేకర్‌ని పెడతామంటున్నారు, కారు కూడా నడిపేవాణ్ణే చూస్తారట. అమ్మ మాత్రం "ఇంట్లో పరాయి మనిషా, వద్దు" అంటోంది. ఇంత దూరం నుంచి ఎలా తేల్చాలి? హాల్లో కెమెరా పెట్టిద్దామా?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: అమ్మ ఏం వద్దంటోందో రాశారు. ఏం కావాలంటోందో ఉత్తరంలో ఎక్కడా లేదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా, మందులేసుకున్నావా" అయిపోయాక, నాన్నగారు పోయాక తను ఏమేం మానేసిందో అడగండి. స్కందగిరి గుడికి వెళ్లడమా? మోండా మార్కెట్‌లో కూరలు తన చేత్తో ఏరుకోవడమా? చుట్టాలిళ్లకి వెళ్లి రావడమా? షుగరున్న మనిషికి ఏటా రెటీనా పరీక్ష జరగాలి, అదీ వాయిదా పడుతోందా? ఇవే అయితే ఆవిడకి డ్రైవరు కావాలి. రాత్రి బాత్రూంకి లేవాలంటే భయం, స్నానం చేసి లేవలేకపోవడం, ఇన్సులిన్ సిరంజి మీద గీతలు ఆనకపోవడం... ఇవైతే పక్కన మనిషుండాలి. మీరు రాసినదాన్ని బట్టి ఇప్పటికి డ్రైవరు చాలు. అదీ పొద్దున ఎనిమిది నుంచి ఒంటిగంట దాకా.

రెండు పనులూ ఒకే మనిషి చేస్తాడన్న మాట నమ్మకండి. నా ఉద్యోగమంతా ఆసుపత్రి వార్డుల్లోనే గడిచింది కాబట్టి చెబుతున్నాను, కారు నడిపే మగవాడు ఆవిడకి స్నానం చేయించలేడు. అతను ఊరెళ్లాడంటే రెండు పనులూ ఒకేసారి ఆగిపోతాయి. అయితే కారు దిగేటప్పుడు చెయ్యందించడం, ఆసుపత్రి గుమ్మం దగ్గర వీల్‌చైర్ తేవడం, ఓపీ చీటీ రాయించడం తన పనేనని మొదటిరోజే చెప్పండి. అలా చెప్పకపోతే చాలామంది స్టీరింగ్ వదిలి దిగరు.

దుమ్ముదేముంది, కడిగితే పోతుంది. కారు ఇంకా నాన్నగారి పేరునే ఉంటే అసలు చిక్కు అక్కడుంది. యజమాని పోయిన ముప్పై రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి, మూడు నెలల్లో ఫారం 31తో వారసుల పేరుకి మార్పించుకోవాలి. మీకు గడువు ఎప్పుడో దాటింది. రేపు కారు ఎవరికైనా తగిలితే బీమా కంపెనీ ముందు పట్టుకునేది దీన్నే. మీ ఇద్దరి నుంచీ నిరభ్యంతర పత్రాలు అడుగుతారు. మీది హ్యూస్టన్ కాన్సులేట్‌లో, మీ తమ్ముడిది సిడ్నీలో అటెస్ట్ చేయించి పంపండి. ఆర్సీ మారాక బీమా కూడా అమ్మ పేరుకి మార్చి, జీతానికి పెట్టుకున్న డ్రైవర్‌కి వర్తించే కవర్ అందులో చేర్పించండి. దానికయ్యే ప్రీమియం చాలా తక్కువ. డ్రైవర్‌ని వెతకడం ఇవన్నీ అయ్యాకే.

మొదటే నెల జీతానికి ఎవర్నీ కుదుర్చుకోకండి. ఆసుపత్రికో గుడికో వెళ్లాల్సిన రోజున యాక్టింగ్ డ్రైవర్‌ని, అంటే ఆ పూటకి మాత్రమే వచ్చేవాణ్ణి, పిలిపించమనండి. ఒకసారి ఒకణ్ణి, ఇంకోసారి ఇంకొకణ్ణి. ఆవిడ కర్ర లోపల పెట్టుకుని సర్దుకునేదాకా ఆగాడా, ఫోన్ మాట్లాడుతూ నడిపాడా, స్పీడ్ బ్రేకర్ల మీద ఎత్తేశాడా అన్నది వీడియో కాల్‌లో మీరు చేసే ఇంటర్వ్యూలో తెలియదు, వెనక సీట్లో కూర్చున్న ఆవిడకే తెలుస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో మంచి డ్రైవర్ల కబురు ముందుగా వాచ్‌మన్‌కే తెలుస్తుంది. అతను కొంత కమీషన్ పుచ్చుకుంటాడు, పోనివ్వండి. అమ్మకి నచ్చినవాడి లైసెన్స్ నంబరు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో మీరే చూడొచ్చు. ఆధార్ కాపీ, ఇక్కడ ఉంటున్న చిరునామా, సొంతూరి చిరునామా తీసుకుని పోలీస్ వెరిఫికేషన్‌కి ఇవ్వండి. పాత యజమానికి ఫోన్ చేసి "మంచివాడేనా" అంటే అందరూ మంచివాడనే అంటారు. "మళ్లీ వస్తానంటే పెట్టుకుంటారా" అని అడగండి. వాళ్లు జవాబుకి తడుముకుంటే మీకు సంగతి అర్థమవుతుంది.

జీతం అమ్మ చేతి మీదుగానే ఇప్పించండి. ఈ ఒక్క విషయంలో నేను మొండిదాన్ని. మీరు డాలస్ నుంచి వేశారంటే అతనికి యజమాని మీరవుతారు. "అమ్మగారు ఇవాళ స్వీట్లు కొన్నారు మేడమ్" అని మీకు వాట్సాప్ వస్తుంది, మీరు అమ్మని మందలిస్తారు, ఆవిడ తన కారులోనే తను సామానైపోతుంది. డబ్బు మీదైనా ఆవిడ ఖాతాకి పంపండి. పెట్రోలు తన ఎదురుగా కొట్టించి, మీటర్ రీడింగ్ డైరీలో రాసుకోమనండి. మొదటి వారం నుంచీ రాస్తే అతనేమీ అనుకోడు, మూడో నెలలో మొదలెడితే మనసు కష్టపెట్టుకుంటాడు. వారానికో సెలవు, దసరా మామూలు, అడ్వాన్స్ ఎంతవరకు ఇస్తారు అన్నవి ముందే మాట్లాడేసుకోవాలి. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే ఇంటివాళ్లకి రెండు లక్షలు వస్తాయి. అతని బ్యాంకులో అది కట్టించి, ఆ ఇరవై మీరే పెట్టుకోండి.

కేర్‌టేకర్ అవసరం ఏదో ఒకనాటికి వస్తుంది కనుక రెండు మాటలు. తెల్లకోటు తొడుక్కున్న ప్రతి పిల్లనీ ఏజెన్సీలు "సిస్టర్" అనేస్తాయి. జీఎన్ఎం అనే నర్సింగ్ డిప్లొమా మూడేళ్ల చదువు, బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు. చదివినవాళ్లకి నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంటుంది, చూపించమనండి. అది లేని పిల్ల అన్నం పెట్టగలదు, నడిపించగలదు, ఒళ్లు తుడవగలదు. ఇన్సులిన్ డోసు ఆమె చేతిలో పెట్టకండి. మీరు కట్టే డబ్బులో ఆ పిల్ల చేతికి ఎంత వస్తుందో ఏజెన్సీని అడిగి తీరండి, మనుషులు నెలకొకరు మారిపోవడానికి కారణం చాలాసార్లు అక్కడే ఉంటుంది. ఎక్కడ పడుకుంటుంది, ఎవరి వంట ఎవరు తినాలి, పొయ్యి ఎవరిది? నేను చూసిన గొడవల్లో సగం వంటింట్లో పుట్టినవే.

హాల్లో కెమెరా వద్దు. మా పై ఫ్లాట్ పిన్నిగారి కొడుకు పెట్టించాడు. అప్పటి నుంచి ఆవిడ వంటింట్లో స్టూలేసుకుని కూర్చుంటోంది. గుమ్మం బయట పెట్టించండి చాలు, ఎవరొచ్చారో అమ్మకీ తెలుస్తుంది. ఎదురింటి వాళ్ల దగ్గర ఒక తాళంచెవి ఉంచండి. అంబులెన్స్ 108, పోలీసులు 112, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567... పెద్దక్షరాలతో రాయించి ఫోన్ పక్కన అంటించండి.

ప్రశ్న: నాన్నగారి ఏటీఎం కార్డు, పిన్ రెండూ కేర్‌టేకర్ దగ్గరే ఉంటున్నాయి. మనిషి నమ్మకస్తుడే. ఇప్పుడు వెనక్కి అడిగితే బాధపడతాడేమో.
– ఒక పాఠకుడు, మెల్‌బోర్న్

జవాబు: పిన్ ఇవాళే మార్పించండి. మనమే పిన్ చెప్పి పోగొట్టుకున్న డబ్బుకి, బ్యాంకుకి ఫిర్యాదు చేసేదాకా జరిగిన నష్టం మనదేనని రిజర్వ్ బ్యాంకు నిబంధన. అతనికి కూడా ఇదే చెప్పండి, అబద్ధమాడాల్సిన పనిలేదు. పైగా రేపు లెక్కలో వెయ్యి తేడా వస్తే అందరి చూపూ ముందు అతని మీదికే వెళుతుంది. ఇంటి ఖర్చులకి యూపీఐ సర్కిల్ పెట్టించండి. నాన్నగారి ఖాతా నుంచి అతను ఒకసారికి 5,000, నెలకి 15,000 మించకుండా చెల్లించగలడు. మీరు పెట్టే పరిమితి అంతకన్నా తక్కువైనా పర్వాలేదు. మందుల షాపుకీ, పాలకీ, కూరలకీ అది సరిపోతుంది. నోట్లే కావాలంటే నాన్నగారితో కలిసి ఏటీఎంకి వెళ్లమనండి, ఆయనకి కాస్త నడకా అవుతుంది.