మ్యాపు మీద 4/7 ఎందుకు రావడం లేదు?

ప్రశ్న: నమస్కారమండీ. మాది గుంటూరు బ్రాడీపేట. క్యారేజీ భోజనాలు పంపిస్తాం. బ్రాడీపేటకూ, రైలు కట్టకు అవతల అరండల్‌పేటకూ కలిపి వెళ్తాయి. కొత్తగా చేరిన కుర్రాళ్లు ఇల్లు దొరక్క తిరుగుతున్నారు, ఈలోపు చారు చల్లారిపోతోంది. మా తమ్ముడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఆన్‌లైన్ మ్యాపు నుంచి వీధులు దించి, మ్యాపులు తయారుచేసే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. నేను ఇళ్లను చుక్కలుగా పెట్టి, లైను నంబరు ఒక కాలమ్‌లో, అడ్డరోడ్డు నంబరు ఇంకో కాలమ్‌లో ఎక్కించాను. రెండూ కలిసి చుక్క పక్కన 4/7 అని రావాలి. కొన్నింటికి వస్తోంది, కొన్నింటికి ఏమీ రావడం లేదు. రోడ్డు పేరేమో అడుగడుగునా మళ్లీ మళ్లీ వస్తోంది. ఏ3 కాగితం మీద ప్రింట్ తీయాలి. టెన్షన్‌గా ఉంది.
– పాఠకురాలు, గుంటూరు

జవాబు: టెన్షన్ వద్దమ్మా, మీ మ్యాపు పాడవలేదు. చుక్క పక్కన పడాల్సిన రాత, అంటే లేబుల్, రాకపోవడానికి కారణాలు రెండు ఉంటాయి. మీది ఏదో ముందు తేల్చుకోవాలి. లేబుల్స్ టూల్‌బార్‌లో ‘అన్‌ప్లేస్డ్ లేబుల్స్’ చూపించే బటన్ ఉంటుంది, నొక్కండి. రాని నంబర్లు ఎర్రగా కనిపిస్తే అవి ఉన్నట్టే, పక్కవాటితో గుద్దుకోకుండా నిలబడే చోటు దొరకలేదంతే. ఎర్రగా కూడా కనిపించకపోతే అసలు లేబులే తయారు కాలేదని.

మీది ఎక్కువగా రెండోదేనని నా అనుమానం. రెండు కాలమ్‌లను కలపడానికి మీ తమ్ముడు మధ్యలో జంట నిలువు గీతలు (||) వాడి ఉంటాడు, అందరూ చేసేది అదే. అడ్డరోడ్డు నంబరు తెలియక ఆ గడి ఖాళీగా వదిలేశారనుకోండి, ఆ గీతలు మొత్తం జవాబునే ఖాళీ చేసేస్తాయి. లైను నంబరు ఉన్నా రాదు. వాటి బదులు ‘కాన్‌క్యాట్’ అనే ఫంక్షన్‌లో పెడితే ఖాళీ గడిని వదిలేసి మిగతాది రాస్తుంది. అప్పుడు 4/ అని సగం నంబరు వస్తుంది. రానివ్వండి, ఏ ఇంటి వివరం ఇంకా కనుక్కోవాలో అదే చూపిస్తుంది.

ఎర్రగా వచ్చినవాటి సంగతి వేరు. లేబుళ్లు ఒకదాని మీద ఒకటి పడినా ఫరవాలేదని చెప్పే సెట్టింగ్ ఉంది. దాని జోలికి వెళ్లకండి. 4/7 మీద 4/8 పడితే కుర్రాడు చదివేది ఏమిటి? ఒకే అపార్ట్‌మెంట్‌లో ఐదు క్యారేజీలుంటే ఐదు చుక్కలు ఎందుకు, ఒక్క చుక్క పెట్టి నంబరు కింద ‘5 క్యారేజీలు’ అని రాయండి. సగం రద్దీ అక్కడే తగ్గుతుంది. ఇంకా ఇరుకనిపిస్తే ‘మూవ్ లేబుల్’ పనిముట్టుతో చేత్తో జరపొచ్చు. మొదటిసారి జరిపేటప్పుడు చుక్కలను గుర్తుపట్టే కాలమ్ ఏదని అడుగుతుంది. ఒక్కో చుక్కకు ఒక్కో విలువ ఉన్న ఐడీ కాలమ్ చూపించండి.

మీరు అడగని మాట ఒకటి. అరండల్‌పేటలోనూ లైన్లూ అడ్డరోడ్లే కదా, కట్టకు అటొక 4/7, ఇటొక 4/7. నంబరుకు ముందు ‘బ్రా’, ‘అ’ అని చేర్చండి. రెండు రంగులు వేద్దామనుకుంటారేమో, కుర్రాడు చేతిలో పట్టుకునేది జిరాక్సు కాపీ, అందులో రెండూ నలుపే. కస్టమర్ల పేర్లూ ఫోన్ నంబర్లూ మాత్రం మ్యాపు మీద వేయకండి. ఆ కాగితం ఏ టీకొట్టు బల్ల మీద మిగిలిపోతుందో ఎవరికి తెలుసు.

రోడ్డు పేరు గోల చిన్నదే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మనకు ఒకటే రోడ్డుగా కనిపించేది చాలాచోట్ల ముక్కలుగా ఉంటుంది. వంతెన వచ్చినా, వన్‌వే మొదలైనా కొత్త ముక్క, ప్రతి ముక్కకూ ఒక పేరు. లేబుల్స్‌లో ‘మెర్జ్ కనెక్టెడ్ లైన్స్’ అని ఉన్నదానికి టిక్ పెట్టండి.

ప్రింటుకు పీడీఎఫ్ తీసేటప్పుడు అక్షరాలను టెక్స్ట్‌గా కాక పాత్స్‌గా, అంటే గీసిన బొమ్మలుగా పంపించమనండి. లేకపోతే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట పడిన మ్యాపు చేతికి రావచ్చు. అక్షరాల చుట్టూ తెల్ల అంచు, అదే బఫర్, మామూలుగా 1 మిల్లీమీటరు ఉంటుంది. తెలుగుకు అది ఎక్కువ, 0.6 చాలు. రెండు వరుసల లేబుల్ అయితే వరుసల మధ్య ఎడం కాస్త పెంచండి, పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల మీదకు దిగుతాయి.

ప్రశ్న: విజయవాడ పేటల పేర్లు తెలుగులో టైప్ చేశాను. పటమట బాగానే వస్తోంది. కృష్ణలంక ‘కృష్ణల’ దగ్గర, లబ్బీపేట ‘లబ్బీప’ దగ్గర ఆగిపోతున్నాయి. ఫాంట్ మార్చినా అంతే.
– పాఠకుడు, విజయవాడ

జవాబు: ఫాంట్‌ను తిట్టకండి, దాని తప్పేమీ లేదు. మీది షేప్‌ఫైల్ అనే రకం మ్యాపు ఫైల్ అయ్యుంటుంది, పేరు కాలమ్ పొడవు 20 అని ఇచ్చి ఉంటారు. ఆ 20 అక్షరాల లెక్క కాదు, బైట్ల లెక్క, అంటే కంప్యూటరు దాచుకునే చోటు కొలత. యూనికోడ్ తెలుగులో ఒక్కో గుర్తు యూటీఎఫ్-8 పద్ధతిలో 3 బైట్లు తింటుంది. కృష్ణలంక మన కంటికి నాలుగక్షరాలే. కంప్యూటరు మాత్రం క, వట్రసుడి, ష, పొల్లు, ణ, ల, సున్నా, క అని ఎనిమిదిగా దాచుకుంటుంది. అంటే 24 బైట్లు. 20లో ఆరు గుర్తులే పడతాయి, అందుకే ‘కృష్ణల’. పటమటకు 12 చాలు కాబట్టి బతికిపోయింది. షేప్‌ఫైల్‌లో ఎంత పెంచినా 254 బైట్లు దాటదు. జియోప్యాకేజీ అనే ఇంకో రకం ఫైల్‌గా సేవ్ చేసుకుని, పేరు కాలమ్‌కు పొడవు పెట్టకుండా వదిలేయండి. తెగిన పేర్లు వాటంతట అవి తిరిగి రావు, మళ్లీ టైప్ చేయాల్సిందే.

ప్రశ్న: బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ పేర్లు ఇంగ్లీషు మ్యాపుల్లోలా వాలు అక్షరాల్లో పెట్టొచ్చా?
– పాఠకురాలు, విజయవాడ

జవాబు: వద్దు. తెలుగు ఫాంట్లలో వాలు అక్షరాలు విడిగా గీసినవి దాదాపు ఉండవు, సాఫ్ట్‌వేర్ నిలువు అక్షరాన్నే పక్కకు తోసేస్తుంది. తలకట్లు కూలబోతున్నట్టు ఉంటాయి. ముదురు నీలం రంగు వేయండి, నీళ్లని తెలుస్తుంది. పేరు కాలువ వెంట వంగాలని ‘కర్వ్‌డ్’ పెడితే పాత వెర్షన్లలో గుణింతాలు విడిపోతాయి. ‘ప్యారలల్’ పెట్టి, కాలువ తిన్నగా ఉన్న చోటికి జరపండి.