రామన్ సంతకమున్న ఉత్తరం కొన్నాను, లండన్‌కు అమ్మవచ్చా?

ప్రశ్న: ఆబిడ్స్‌లో ఆదివారం అమ్మే పాత పుస్తకాల మధ్య సి.వి. రామన్ సంతకంతో 1948 నాటి టైపు ఉత్తరం దొరికింది. రెండు వేలకు కొన్నాను, రశీదు లేదు. ఎడమ అంచున రెండు చిల్లులు, పైన ఊదారంగు గుండ్రటి ముద్ర ఉన్నాయి. ఫోటో చూసిన లండన్ వ్యాపారి మంచి ధర ఇస్తానంటున్నారు. అమ్మవచ్చా? నేను రాస్తున్న పుస్తకంలో ఉత్తరాన్ని అచ్చు వేసుకోవచ్చా?
ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: మీరు మాటవరసకు రాసినట్టున్న ఆ చిల్లులు, ఆ ముద్రతోనే మొదలుపెడతాను. ట్యాగు గుచ్చిన చిల్లులు, ఇన్‌వర్డ్ ముద్ర (వచ్చిన ఉత్తరం అందినట్టు కార్యాలయం వేసేది) ఉన్న కాగితం సాధారణంగా ఏదో కార్యాలయపు ఫైలులో ఉండినదే. ముద్రలోని అక్షరాలను భూతద్దంతో చదివి, అది ఏ కార్యాలయమో ముందు తేల్చుకోండి. పనికిరాని కాగితాలుగా నిబంధనల ప్రకారం తూకానికి అమ్మిన వాటిలో ఇది వచ్చి ఉంటే, మీ యాజమాన్యానికి ఢోకా లేదు. (అలా తూకానికి పోయి పొట్లాలైన చరిత్ర ఎంతో, అది వేరే బాధ.) ఎవరో ఫైలులోంచి తీసి అమ్ముకున్నదైతే మాత్రం, 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 27వ సెక్షన్ ప్రకారం, అమ్మినవారికి లేని హక్కు, మీరు ఎంత నిజాయతీగా డబ్బిచ్చి కొన్నా, మీకు సంక్రమించదు. దొంగసొత్తని తెలిసి, లేదా అలా నమ్మడానికి తగిన కారణం ఉండి, దురుద్దేశంతో దగ్గర ఉంచుకోవడం భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద నేరం. ముద్ర చదివాక 'నాకు తెలియదు' అన్న వాదన నిలవడం కష్టం.

ఈ సంగతి మీకు అనుకూలంగా తేలినా, లండన్‌కు పంపడం కుదరదు. 1972 నాటి పురావస్తువుల, కళానిధుల చట్టం కింద ఒక వస్తువును పురావస్తువుగా లెక్కించాలంటే సాధారణంగా దానికి 100 ఏళ్లు నిండాలి గాని, శాస్త్రీయ, చారిత్రక విలువ ఉన్న పత్రాలకు 75 ఏళ్లు చాలు. మీ ఉత్తరానికి అవి 2023లోనే నిండాయి. అటువంటి వాటిని కేంద్రప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థ తప్ప మరెవరూ ఎగుమతి చేయరాదు. ఉల్లంఘిస్తే ఆరు నెలలకు తగ్గకుండా మూడేళ్ల వరకు జైలు, జరిమానా కూడా. కొరియర్ కవరు మీద 'పాత కాగితాలు' అని రాసినంత మాత్రాన తప్పించుకోలేరు. దీనికి అంత విలువ లేదని మీరు వాదించవచ్చు, కానీ ఆ వివాదాన్ని తేల్చేది పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్. పైగా లండన్ వ్యాపారి చెప్పిన ధరే మీకు ఎదురు సాక్ష్యమవుతుంది. ముద్ర కేంద్రప్రభుత్వ కార్యాలయానిదైతే 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం కూడా అడ్డొస్తుంది. ముందస్తు అనుమతి లేకుండా దేశం దాటిస్తే అయిదేళ్ల వరకు జైలు ఉంది.

హక్కు మీదేనని తేలాక, దేశంలోనే ఒక సంగ్రాహకుడికి అమ్ముకోవడానికి లైసెన్సు అక్కరలేదు. అదే వ్యాపారంగా పెట్టుకుంటే కావాలి. అయితే సంతకం అసలైనదని రాతపూర్వకంగా హామీ ఇచ్చి అమ్మకండి. వర్ణనకు సరిపోని సరుకును తిప్పి పంపే హక్కు కొన్నవారికి ఉంటుంది.

ఇక అచ్చు సంగతి. కాగితం మీదైనా, అందులోని మాటలు మీవి కావు. రామన్ వ్యక్తిగతంగా రాసిన ఉత్తరమైతే కాపీరైటు ఆయన వారసులది. ఆయన 1970 నవంబరులో కన్నుమూశారు కనుక, జీవితకాలంలో అచ్చయిన రచనలకు మరణం తర్వాత 60 ఏళ్లు, అంటే 2030 చివరి వరకు రక్షణ ఉంటుంది. ఎన్నడూ అచ్చుకాని ఉత్తరానికి 60 ఏళ్ల లెక్క అది తొలిసారి ప్రచురితమైన మరుసటి ఏడాది నుంచి మొదలవుతుంది. అందువల్ల వారసుల రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ప్రస్తుతానికి ఎప్పుడు, ఏ దుకాణం ముందు, ఎంతకు కొన్నారో రాసి తేదీ వేసుకోండి. ముద్ర ఫోటో జతచేసి, ఆ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో విచారణ లేఖ పంపండి. జవాబు వచ్చేదాకా ఉత్తరాన్ని లామినేషన్ మాత్రం చేయించవద్దు; రేపు సంతకంపై వివాదం వస్తే నిపుణుడు సిరాను, కలం ఒత్తిడిని పరిశీలించడానికి వీలుండదు.