వాన దేశంలో నీటి ఎద్దడి: మేనకోడలికి లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఆగ్నేయ ఇంగ్లండులోని ఒక నీటి సరఫరా సంస్థలో, కరువు ప్రణాళికల విభాగంలో నీకు ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ చెప్పింది. హైదరాబాదులో కొంతకాలం, ఆ తరువాత ఇంగ్లండులో చాలాకాలం ఇదే పనిలో గడిపినవాణ్ణి కనుక, నీవు అడగకపోయినా నాలుగు మాటలు రాయకుండా ఉండలేకపోతున్నాను.

నిత్యం చినుకులు పడే దేశంలో కరువు విభాగం ఏమిటని మన బంధువులు నవ్వుతారు. ఇంగ్లండు వాళ్లు కూడా నవ్వుతారు. నీ ఉద్యోగంలో సగం కష్టం ఆ నవ్వులోనే ఉంది. కేంబ్రిడ్జ్ ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 560 మిల్లీమీటర్ల వాన. మన అనంతపురం సగటు కూడా 550కి అటూ ఇటూగానే ఉంటుంది. లండనులో 600కు కాస్త ఎక్కువ. హైదరాబాదుకు అంతకంటె బాగా ఎక్కువే. ఆగ్నేయ ఇంగ్లండులో వాన ఎక్కువ రోజులు పడుతుంది గాని ఎక్కువగా పడదు. నిజంగా కుండపోత కురిసేది పడమటి కొండల్లో, లేక్ డిస్ట్రిక్ట్ వంటి చోట్ల. జనం కిక్కిరిసి ఉన్నది ఆగ్నేయంలో. ఈ రెండింటినీ కలిపే పెద్ద కాలువలు గాని, దేశమంతటా నీటిని పంచే వ్యవస్థ గాని లేవు. కనుక దేశం మొత్తం మీద సగటు వర్షపాతం ఎంతో చెప్పి ఎవరైనా నీకు ధైర్యం చెప్పబోతే, ఆ అంకెను పక్కన పెట్టి మీ పరీవాహక ప్రాంతపు అంకె అడుగు.

ముందుగా నీ మనస్సులోని పంచాంగాన్ని మార్చుకోవాలి. జూన్ రాగానే ఆకాశం వైపు చూడడం మనకు పుట్టుకతో వచ్చిన అలవాటు. నైరుతి వచ్చిందా, చెరువు నిండిందా అన్నదే మన లెక్క. అక్కడ లెక్క అక్టోబరులో మొదలై మార్చిలో ముగుస్తుంది. వేసవిలో పడిన వానను చెట్లూ, పైరూ, ఎండా పంచుకుంటాయి. మిగిలిన కాస్తా ఎండిన పై మట్టి తేమ లోటును తీర్చడానికే చాలదు. ఆ లోటు శరదృతువులో తీరిన తరువాత పడిన వానే సుద్దరాయి పొరల్లోకి నెమ్మదిగా ఇంకి భూగర్భ జలమట్టాన్ని పెంచుతుంది. ఆగ్నేయంలో తాగునీటికి ప్రధాన ఆధారం ఆ సుద్దరాయి పొరలే. కాబట్టి ఏప్రిల్ మొదటి వారంలో పరిశీలక బావుల మట్టం ఎక్కడుందో చూస్తే, రాబోయే సెప్టెంబరు ఎలా ఉంటుందో నీకు చాలావరకు తెలిసిపోతుంది. ఒక పొడి వేసవి అంతగా భయపెట్టదు. భయపడవలసింది వరుసగా వచ్చే రెండు పొడి శీతకాలాలకు. 2010 నుంచి 2012 వరకు జరిగింది అదే. 1976లోనూ జనానికి గుర్తున్నది ఆ మండు వేసవి మాత్రమే గాని, దాని వెనుక 1975 మే నుంచి సాగిన పదహారు నెలల లోటు ఉంది, ఆ లోటులో ఎండిపోయిన ఒక శీతకాలమూ ఉంది.

వేసవిలో సరఫరా కష్టమైనప్పుడల్లా దాన్ని కరువు అనవద్దు. ఎండ ముదిరిన సాయంకాలం ఊరంతా ఒకేసారి తోటలకు నీళ్లు పెడితే, జలాశయం నిండుగా ఉన్నా మిట్ట మీది ఇళ్లకు ఒత్తిడి పడిపోతుంది. ఎందుకంటే శుద్ధి కేంద్రం గంటకు ఇంతకంటె ఎక్కువ ఇవ్వలేదు, పైపు ఇంతకంటె ఎక్కువ మోయలేదు. గడ్డి మైదానం తడిపే స్ప్రింక్లరు ఒక్కటే గంటకు వెయ్యి లీటర్ల దాకా తాగుతుంది. మామూలుగా ఒక మనిషి రోజుకు వాడేది సుమారు 140 లీటర్లు. కరువంటే నిల్వ లేకపోవడం, ఇది మోసే శక్తి లేకపోవడం. రెండింటికీ మందు వేరు. ప్రజలకు ఒకదాని పేరు చెప్పి మరొకదానికి చికిత్స చేస్తే, తరువాతి ఏడు నీ మాట ఎవరూ వినరు.

ఇక లీకేజీ. ఇంగ్లండులో శుద్ధి చేసి పంపిన నీటిలో ఇప్పటికీ దాదాపు ఐదో వంతు భూమిలోకే పోతోంది. 1995లో యార్క్‌షైర్‌లో వాన కరవై, పశ్చిమ భాగంలోని జలాశయాలకు వందల ట్యాంకర్లతో రేయింబవళ్లు నీళ్లు మోసినప్పుడు, ప్రజల కోపం వాన మీద కాదు, పైపుల్లో పోతున్న నీటి మీద. స్నానాలు తగ్గించుకోండని చెప్పే సంస్థ తన కారుతున్న గొట్టాన్ని ముందు కట్టుకోవాలి కదా అన్నారు. అందులో తప్పేమీ లేదు. కనుక నీవు రోజూ ఉదయం మొదట చూడవలసినది జలాశయం మట్టం కాదు, ఒక్కొక్క మీటరు మండలంలో, అంటే లోపలికి వచ్చే నీటిని విడిగా కొలిచే ఒక్కొక్క పేటలో, తెల్లవారుజామున రెండు నుంచి నాలుగు గంటల మధ్య పారిన నీరు. అందరూ నిద్రపోయే వేళ మీటరు జోరుగా తిరుగుతున్నదంటే నీరు ఎక్కడో నేలపాలవుతున్నట్టే. పొడి వేసవిలో బంకమట్టి కుంచించుకుపోయి పాత పోత ఇనుప పైపులను విరిచేస్తుంది; అంటే నీటికి అత్యంత కొరత ఉన్న నెలల్లోనే పగుళ్లూ పెరుగుతాయి. మరమ్మతు మనుషులను, గుత్తేదారులను వసంతంలోనే మాట్లాడి పెట్టుకో. జూలైలో వెతికితే అందరూ వేరే సంస్థల గోతుల్లో ఉంటారు.

కాగితాల సంగతి కాస్త విసుగుగా ఉంటుంది గాని, నా దృష్టిలో ఈ ఉద్యోగంలో అసలు పని అదే. లైసెన్సులో ఉన్నదానికంటె ఎక్కువ నీరు నదినుంచి తోడుకోవాలంటే ప్రభుత్వ పర్యావరణ సంస్థ (ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ) నుంచి కరువు అనుమతి తెచ్చుకోవాలి. అది ఒకసారికి ఆరు నెలలకు మించదు. అంతకంటె కఠినమైన ఉత్తర్వులు మంత్రి ఇవ్వాలి. అనుమతికి చట్టం పెట్టిన పరీక్ష ఏమిటంటే, అసాధారణమైన వర్షాభావం ఉన్నట్టు రుజువు చేయాలి. నీ పంపు చెడిపోవడమో, నీ అంచనా తప్పడమో వర్షాభావం కిందికి రాదు. వాడకం తగ్గించడానికి నీవు ఏం చేశావని కూడా అడుగుతారు. ఆ నదిలో చేపలకూ, దిగువ రైతులకూ జరిగే నష్టాన్ని ఏళ్ల తరబడి సేకరించిన కొలతలతో చూపాలి, అవి అప్పటికప్పుడు పుట్టవు. ప్రపంచంలో సుద్దరాయి పొరల ఊటతో పారే వాగుల్లో అత్యధిక భాగం ఇంగ్లండులోనే ఉన్నాయి, అవి ఎండిపోతే అక్కడి జనం ఊరుకోరు, ఊరుకోకూడదు కూడా. అందుకే దరఖాస్తును శీతకాలంలోనే సిద్ధం చేసి, వానలు పడితే చించి పారెయ్యి. చించిన దరఖాస్తు వల్ల ఎవరికీ నష్టం లేదు.

గొట్టాలతో తోటలు తడపడం నిషేధించేటప్పుడు జంకవద్దు, ఆలస్యమూ చేయవద్దు. 2012 ఏప్రిల్ 5న ఏడు సంస్థలు దాదాపు రెండు కోట్ల మందికి ఆ నిషేధం విధించాయి. వెంటనే మొదలైన వానలతో అది 1910 తరువాత అత్యధిక వర్షం పడిన ఏప్రిల్‌గా నమోదైంది. పత్రికలు ఎగతాళి చేశాయి. అయినా ఆ రోజు ఉన్న సమాచారంతో ఆ నిర్ణయం సరైనదేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. 1976లోనైతే ఆగస్టులో డెనిస్ హోవెల్ అనే మంత్రికి కరువు బాధ్యత అప్పగించిన కొద్ది రోజులకే ఆకాశం విరుచుకుపడింది! 2018లో వాయవ్య ఇంగ్లండులో ఆగస్టు 5నుంచి అని ప్రకటించిన నిషేధాన్ని, అమల్లోకి రాకముందే విరమించారు. అందులోనూ నామోషీ ఏమీ లేదు. ప్రకటనలో మాత్రం అలంకారాలు వద్దు. ఏ బావి మట్టం ఎంత ఉంది, ఏ మట్టానికి చేరితే తరువాత ఏం చేస్తాం, ఏ మట్టానికి పెరిగితే ఎత్తేస్తాం అన్న మూడు సంగతులూ మొదటి రోజే రాతపూర్వకంగా చెప్పు.

ఎత్తివేసేటప్పుడు ఆ మూడో సంగతికే కట్టుబడి ఉండు. నదులూ చిన్న జలాశయాలూ వారాల్లో కోలుకుంటాయి, సుద్దరాయి పొరలు నెలలు తీసుకుంటాయి. వరద ముంచుతున్న వీధి కిందనే భూగర్భ జలం తక్కువగా ఉండడం వింతేమీ కాదు. వాన పడుతున్నది కదా అని పైఅధికారులు తొందరపెడితే, ఆ వారపు బావి రీడింగులు వాళ్ల బల్ల మీద పెట్టు. పర్యావరణ సంస్థ నీటి పరిస్థితి నివేదికను ప్రతి నెలా బహిరంగంగా ప్రచురిస్తుంది; నేను ఇక్కడినుంచి దాన్ని ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను. అక్టోబరు నివేదిక వచ్చాక ఒక ఆదివారం ఫోను చెయ్యి, మీ ప్రాంతపు నేల తేమ లోటు పట్టికను ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య